పొట్టలో పడిన గండి

పిల్లలూ! మా మఠంపల్లి వైపు పొలాలకు నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీరు వస్తుంది. ఆ కాలువకు గండి పడితే రైతులు ఏం చేస్తారో తెలుసా? ముందు గండి పూడుస్తారు. తరవాత పొలంలో నిలిచిన నీటిని బయటికి తోలుతారు. ఇట్లాంటి గండి మన పొట్టలో కూడా పడవచ్చునంటే మీరు నమ్ముతారా?

మనం తిన్న అన్నాన్ని అరిగించటానికి జీర్ణాశయంలో ఘాటైన ఆమ్లం ఊరుతుంది. అది గోడను కాల్చకుండా లోపల జిగురు పూత వున్నది. ఆ పూత చెడితే పుండు పడుతుంది. పుండు లోతుకు దిగితే ఒకనాడు గోడకు చిల్లు పడుతుంది. అప్పుడు ఆమ్లమూ, తిన్న తిండీ పేగుల చుట్టూ కారిపోతాయి. కత్తితో పొడిచినట్టు నొప్పి వస్తుంది. పొట్ట చెక్కలాగా బిగుసుకుపోతుంది.

ఈ చిల్లును కుట్టి మొదటిసారి రోగిని బతికించినవాడు జర్మనీ వైద్యుడు హాయిస్నర్. అది 1892లో జరిగింది. పేగుల మీద తెరలాగా వేలాడే కొవ్వుపొరను చిల్లు మీదికి లాగి, మాసిక వేసినట్టు కుట్టే పద్ధతిని 1937లో కెనడా వైద్యుడు గ్రాహం ప్రచారంలోకి తెచ్చాడు.

పాత పద్ధతిలో పొట్టను రొమ్ము కింది నుంచి బొడ్డు దాకా కోసి తెరుస్తారు. 1990లో ఫ్రాన్సు వైద్యుడు మూరే, ఆయన తోటివారూ కొత్త దారి ప్రకటించారు. దాన్నే కీహోల్ ఆపరేషను అంటారు. మూడు నాలుగు చిన్న కన్నాలు పెట్టి, బొగ్గుపులుసు వాయువుతో పొట్టను ఉబ్బిస్తారు. ఒక కన్నంలో కెమెరా, మిగిలినవాటిలో సన్నని పనిముట్లు పోనిస్తారు. లోపల చేసే పని మాత్రం ఒక్కటే: మాసిక వేయటం, కడగటం.

మరి ఏది మేలు? హాంకాంగ్ వైద్యులు 121 మంది రోగులను చీటీలు వేసినట్టు రెండు జట్లు చేసి చూసి, ఫలితాలను 2002లో ప్రకటించారు. కీహోల్ జట్టుకు నొప్పి తక్కువ. వాళ్లు త్వరగా ఇళ్లకు వెళ్లారు. 2009లో నెదర్లాండ్స్ వైద్యులు 101 మంది సంగతి ప్రకటించారు. అక్కడా నొప్పి తక్కువే. కాని కోసి చేస్తే 50 నిమిషాలు పట్టే పనికి కీహోల్‌లో 75 నిమిషాలు పట్టింది. ఆస్పత్రిలో వున్న రోజుల్లో చెప్పుకోదగిన తేడా లేదు.

నేను హెడ్మాస్టరుగా వున్న రోజుల్లో నా విద్యార్థి తండ్రి ఒకాయన మోకాళ్ల నొప్పికి రోజూ పరగడుపున మాత్రలు మింగేవాడు. ఒక రాత్రి పొట్టలో విపరీతమైన నొప్పి వచ్చింది. "గ్యాసేలే" అని సోడా తాగి, తెల్లవార్లూ ఓర్చుకున్నాడు. మర్నాడు కోసి ఆపరేషను చేశారు. ప్రాణం దక్కింది, ఆ ఏడు నాట్లు మాత్రం తప్పిపోయాయి.

"చిన్న కన్నంతో చేయకూడదా, సార్?" అని కుర్రవాడు నన్ను అడిగాడు. నాడి నీరసించి, రక్తపోటు పడిపోయినవారికి పొట్టలో వాయువు నింపటం ప్రమాదం. ఆయన పోగొట్టుకున్న రాత్రే ఆ చిన్న కన్నాన్ని కూడా పోగొట్టింది, నాయనా!

పుండ్లకు కారణం ముఖ్యంగా ఒక సూక్ష్మజీవి అని కనిపెట్టిన మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. దాన్ని మందులతో చంపవచ్చు. రెండో కారణం నొప్పి మాత్రలు.

కనుక పిల్లలూ, ఇంట్లో ఎవరైనా డాక్టరును అడగకుండా అట్లాంటి మాత్రలు మింగుతుంటే వద్దని చెప్పండి. ఎవరికైనా పొట్ట చెక్కలాగా బిగిస్తే తెల్లవారేదాకా ఆగనివ్వకండి. గండి చిన్నదిగా వున్నప్పుడే పూడ్చటం తేలిక.