అమ్మీ, అబ్బాను ఎవరు చూసుకోవాలి? ఇంటి నుంచి ఆశ్రమం దాకా ఉన్న దారులు, హక్కులు, జాగ్రత్తలు

పెద్ద కొడుకు దుబాయ్‌లో, చిన్న కొడుకు బెంగళూరులో, కూతురు అత్తగారింట్లో. ఊళ్లో పెద్ద ఇల్లు, అందులో మోకాళ్ల నొప్పులతో అమ్మీ ఒక్కతే. నిజామాబాద్, జగిత్యాల, కడప, రాయచోటి, హైదరాబాద్ పాతబస్తీ.. గల్ఫ్ సంపాదన మీద నిలబడ్డ చాలా ముస్లిం కుటుంబాల్లో ఇప్పుడు ఇదే పరిస్థితి. డబ్బు నెలనెలా వస్తుంది. కానీ మందులు ఎవరు తెస్తారు, రాత్రి బాత్రూమ్‌కి లేస్తే ఎవరు చెయ్యి పట్టుకుంటారు అన్నదే అసలు సమస్య.

2011 జనాభా లెక్కల నాటికే దేశంలో 60 ఏళ్లు దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. అయినా మన ఇళ్లలో ఈ విషయం మాట్లాడాలంటే మొహమాటం. ‘ఆశ్రమం’ అనే మాట ఎత్తగానే ‘లోగ్ క్యా కహేంగే’ అని నోరు మూయిస్తారు. ఎవరూ మాట్లాడకపోతే చివరికి నష్టపోయేది పెద్దవాళ్లే. అందుకే ఉన్న దారులు ఏంటి, ఏ దారిలో ఏం చూసుకోవాలి, చట్టం ఏం చెబుతోంది అన్నది ఒక్కచోట తెలుసుకుందాం.

ముందు ఇది తేల్చుకోవాలి: బాధ్యత ఎవరిది?

ఖురాన్‌లో బనీ ఇస్రాయీల్ సూరా 23, 24 ఆయత్‌లు ముసలితనంలో ఉన్న తల్లిదండ్రుల పట్ల ఎలా నడుచుకోవాలో చెబుతాయి. జుమా బయాన్‌లలో తరచూ వినేదే. అయితే ఆచరణలో మూడు విషయాల్లో మనవాళ్లు పొరబడుతుంటారు.

మొదటిది, ఈ బాధ్యత కొడుకులదే అనుకోవడం. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం తల్లిదండ్రులు అవసరంలో ఉంటే వాళ్ల ఖర్చు కొడుకులతో పాటు స్తోమత ఉన్న కూతుళ్ల మీద కూడా ఉంటుంది. దేశ చట్టం కూడా కూతురిని వేరుగా చూడదు.

రెండోది, అంతా కోడలి నెత్తిన వేయడం. అత్తమామల ఖిద్మత్ కోడలు చేస్తే అది ఆమె మంచితనం. అది ఆమె మీద ఫర్జ్ కాదని, అసలు బాధ్యత కొడుకుదేనని ఉలమా చెబుతూనే ఉన్నారు. కొడుకు గల్ఫ్‌లో కూర్చుని, ఇక్కడ కోడలు ఒక్కతే పిల్లల్నీ, మంచాన పడ్డ మామగారినీ చూసుకోవాలంటే ఎక్కువ కాలం నడవదు. ఆమెకు సాయం మనిషిని పెట్టడం కూడా కొడుకు బాధ్యతలో భాగమే.

మూడోది జకాత్. సొంత అమ్మీ, అబ్బా, దాదా, దాదీ, నానా, నానీలకు జకాత్ సొమ్ము ఇస్తే జకాత్ తీరదు. వాళ్ల పోషణ మన సొంత డబ్బుతోనే జరగాలి. పేదవాళ్లయిన ఫూఫీ, ఖాలా, చాచా, మామూలకు మాత్రం జకాత్ ఇవ్వొచ్చు. పిల్లలు లేని ముసలి బంధువులు చాలా కుటుంబాల్లో ఉంటారు. రంజాన్‌లో జకాత్ లెక్క తీసేటప్పుడు ముందు వాళ్లు గుర్తుకు రావాలి.

ఇంట్లోనే ఉంచుకుంటే

ఎక్కువ మంది పెద్దవాళ్లు కోరుకునేది ఇదే. దీనికి మొదట ఇల్లు సిద్ధం కావాలి. పెద్దవాళ్లు ఎక్కువగా జారిపడేది తడి ఉన్న చోటే, అంటే బాత్రూమ్‌లో, వజూ చేసే చోట. వెస్ట్రన్ కమోడ్, గోడకు పట్టుకునే రాడ్లు, కూర్చుని వజూ చేసుకునే స్టూలు, జారని మ్యాట్, రాత్రంతా వెలిగే చిన్న లైటు.. ఇవేవీ పెద్ద ఖర్చు కావు. తుంటి ఎముక విరిగితే అయ్యే ఆపరేషన్ ఖర్చు ముందు ఇవి లెక్కలోకే రావు. పడక గది వీలైనంత వరకు కింది అంతస్తులోనే ఉండాలి.

అటెండెంట్‌ను పెట్టుకునేటప్పుడు ఆధార్ కాపీ తీసుకుని, పోలీస్ వెరిఫికేషన్ చేయించడం తప్పనిసరి. ఏజెన్సీ ద్వారా అయితే డ్యూటీ ఎన్ని గంటలు, సెలవు రోజు బదులు మనిషిని పంపుతారా, ఏ పనులు చేస్తారు అన్నది కాగితం మీద ఉండాలి. అమ్మీకి స్నానం చేయించడానికి, బట్టలు మార్చడానికి ఆడమనిషే కావాలి. అబ్బాను ఎత్తి కూర్చోబెట్టాలంటే మగమనిషి కావాలి. ఈ మాట మొదటి రోజే చెప్పుకోవాలి.

ఖర్చు పంచుకోవడం దగ్గరే అన్నదమ్ముల మధ్య మాటలు వస్తాయి. లెక్క కోసం ఒక ఇల్లు అనుకుందాం. అటెండెంట్‌కు రూ.15,000, మందులకు రూ.4,000, తిండి, డైపర్లకు రూ.6,000, డాక్టరు, ఫిజియోథెరపీకి రూ.3,000. మొత్తం నెలకు రూ.28,000. ముగ్గురు పిల్లలుంటే సమానంగా మూడు ముక్కలు చేయడం చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఒకరి జీతం లక్ష, ఇంకొకరిది పాతిక వేలు అయితే అది న్యాయం కాదు. ఆదాయాన్ని బట్టి పంచుకోవాలి. పక్కన ఉండి చూసుకునే వారి సమయాన్ని కూడా వాటాగానే లెక్కించాలి. ఒక కుటుంబ వాట్సాప్ గ్రూప్, అందులో ప్రతినెలా ఖర్చుల లెక్క పెడితే సగం గొడవలు రావు.

మంచాన పడ్డవారికి, క్యాన్సర్ చివరి దశలో ఉన్నవారికి నొప్పి తగ్గించే చికిత్స కోసం తెలంగాణ జిల్లాల్లో ప్రభుత్వ పాలియేటివ్ కేర్ సెంటర్లు ఉన్నాయి. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలోనూ ఈ సేవ ఉంది.

ఆశ్రమం వైపు చూడాల్సి వస్తే

కొన్ని ఇళ్లలో వేరే దారి ఉండదు. పిల్లలు లేకపోవచ్చు, ఉన్న ఒక్క కూతురు పరాయి దేశంలో ఉండొచ్చు, మతిమరుపు జబ్బు ముదిరి 24 గంటలూ మనిషి కావాల్సి రావొచ్చు. తాళం వేసిన ఇంట్లో ఒంటరిగా వదిలేయడం కంటే, మనుషులున్న చోట ఉంచి తరచూ వెళ్లి చూసుకోవడం నయం. అయితే ఇది పెద్దవాళ్లతో మాట్లాడి, వాళ్లు ఒప్పుకున్నాకే జరగాలి.

ఇవి ప్రధానంగా నాలుగు రకాలు. నిరుపేదల కోసం ప్రభుత్వ నిధులతో, స్వచ్ఛంద సంస్థలు నడిపే ఉచిత ఆశ్రమాలు. నెలనెలా ఫీజు కట్టి ఉండేవి. నర్సింగ్ సేవలు, మతిమరుపు రోగుల సంరక్షణ ఉండే కేంద్రాలు. ఆరోగ్యంగా ఉన్న రిటైరైనవాళ్లు ఫ్లాట్ కొనుక్కుని ఉండే సీనియర్ లివింగ్ కాలనీలు. వీటితో పాటు కొన్నిచోట్ల పగలు మాత్రమే ఉండే డే కేర్ సెంటర్లు ఉన్నాయి. ఉద్యోగాలు చేసే జంటలకు అవి ఉపయోగం.

చేర్చే ముందు ఒక ముస్లిం కుటుంబం అడగాల్సినవి:

- నమాజ్‌కు శుభ్రమైన చోటు, వజూకు సాయం చేసే మనిషి ఉన్నారా? దగ్గర్లో మసీదు ఉందా?
- మాంసం హలాల్‌దేనా? లేకపోతే శాకాహారమే పెడతారా?
- రంజాన్‌లో సహరీ, ఇఫ్తార్ వేళలకు తిండి ఇస్తారా? ఉపవాసం ఉండేవారి మందుల వేళలు డాక్టరును అడిగి మారుస్తారా?
- ఆడవాళ్లకు ఆడ అటెండెంట్లు రాత్రి కూడా ఉంటారా?
- రాత్రి ఎమర్జెన్సీ వస్తే ఏ ఆస్పత్రికి తీసుకెళ్తారు? ఎవరి సంతకంతో?
- డిపాజిట్ ఎంత? మధ్యలో తీసుకెళ్తే ఎంత తిరిగి ఇస్తారు?
- ఇంతెఖాల్ అయితే ముందు ఎవరికి ఫోన్ చేస్తారు? గుస్ల్, కఫన్, జనాజా, కబ్రస్తాన్ ఏర్పాటు ఎవరు చూస్తారు?

చివరి ప్రశ్న అడగడానికి మనసు ఒప్పదు. కానీ కొడుకు జెడ్డా నుంచి విమానం ఎక్కేలోపు ఇక్కడ జరగాల్సినవి చాలా ఉంటాయి. స్థానిక మసీదు కమిటీ నంబరు, దగ్గరి బంధువు నంబరు చేరిన రోజే రిజిస్టర్‌లో రాయించాలి. ముందు చెప్పకుండా, వేరే వేళల్లో రెండుసార్లు వెళ్లి చూసి, అక్కడున్న పెద్దవాళ్లతో మాట్లాడాకే డబ్బు కట్టాలి.

ప్రభుత్వం నుంచి ఏం వస్తుంది?

ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద 60 ఏళ్లు దాటిన అర్హులకు 2024 జూలై నుంచి నెలకు రూ.4,000 పింఛను ఇస్తున్నారు. సచివాలయ సిబ్బంది ఇంటికే తెచ్చిస్తారు. తెలంగాణలో ఆసరా వృద్ధాప్య పింఛను 2019లో రూ.2,016కు పెరిగింది, తర్వాత అర్హత వయసును 57కు తగ్గించారు.

70 ఏళ్లు నిండిన ఎవరికైనా, ఆదాయంతో సంబంధం లేకుండా, ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది. 2024 అక్టోబర్ 29న మొదలైన ఈ పథకంలో ఏడాదికి రూ.5 లక్షల వరకు ఆస్పత్రి చికిత్స ఉచితం. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే ఆ రూ.5 లక్షలు ఇద్దరికీ కలిపి. ఆధార్‌లో వయసే ఆధారం. మనవాళ్లలో చాలామందికి ఆధార్‌లో పుట్టిన తేదీ అంచనాగా వేసి ఉంటుంది, పేరు ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంటుంది. అవసరం పడకముందే సరిచేయించుకోవాలి.

చేతికర్ర, వాకర్, వీల్‌చైర్, వినికిడి యంత్రం, కళ్లద్దాలు, కట్టుడు పళ్లు వంటివి పేద వృద్ధులకు రాష్ట్రీయ వయోశ్రీ యోజన క్యాంపుల్లో ఉచితంగా ఇస్తారు.

పిల్లలు పట్టించుకోకపోతే

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ఇది అన్ని మతాలవారికీ వర్తిస్తుంది. విదేశాల్లో ఉన్న భారత పౌరులకూ వర్తిస్తుంది, అంటే గల్ఫ్‌లో ఉన్నంత మాత్రాన తప్పించుకోలేరు. తమ ఆదాయంతో బతకలేని తల్లిదండ్రులు, 60 ఏళ్లు దాటకపోయినా సరే, పిల్లల మీద దరఖాస్తు పెట్టొచ్చు. పిల్లలు లేని వృద్ధులైతే, వాళ్ల ఆస్తి అనుభవిస్తున్న లేదా వారసత్వంగా పొందబోయే బంధువుపై పెట్టొచ్చు.

దరఖాస్తు ఆర్డీవో స్థాయి అధికారి అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కు ఇవ్వాలి. లాయర్ అక్కర్లేదు. తెల్లకాగితం మీద రాసిచ్చినా తీసుకుంటారు. పెద్దవాళ్లు వెళ్లలేకపోతే వాళ్ల తరఫున వేరే మనిషి గానీ, సంస్థ గానీ ఇవ్వొచ్చు. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే ఇంకో 30 రోజులు. చట్టం ప్రకారం నెలకు గరిష్ఠంగా రూ.10,000 దాకా భరణం ఇప్పించవచ్చు. తీర్పు నచ్చకపోతే 60 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. వృద్ధులను వదిలేసి పోవడం నేరం. మూడు నెలల జైలు లేదా రూ.5,000 జరిమానా, లేదా రెండూ.

విడాకులైన ముస్లిం మహిళలకు మరో దారి ఉంది. 1986 చట్టం ప్రకారం పోషించే బంధువులు లేకపోతే రాష్ట్ర వక్ఫ్ బోర్డు భరణం ఇవ్వాలని మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చు.

ఇల్లు హిబా చేసే ముందు ఆగండి

ఎక్కువ కన్నీళ్లు ఇక్కడే. ‘ఎప్పటికైనా పిల్లలదే కదా’ అని బతికుండగానే ఇల్లు కొడుకు పేరున రాసిచ్చి, తర్వాత అదే ఇంట్లో వరండాలోకి చేరిన పెద్దవాళ్లు ఉన్నారు.

హిబాకు మూడే షరతులు. ఇస్తున్నానని చెప్పడం, అవతలివాళ్లు ఒప్పుకోవడం, ఆస్తి అప్పగించడం. నోటిమాటతో చేసినా చెల్లుతుంది. ముస్లింల హిబాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని 2011లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అంటే ఇవ్వడం చాలా సులువు, వెనక్కి తీసుకోవడమే కష్టం.

2007 చట్టంలోని 23వ సెక్షన్ ఇక్కడ ఒక రక్షణ ఇస్తుంది. ‘నన్ను చూసుకోవాలి’ అనే షరతుతో ఆస్తి ఇచ్చాక చూసుకోకపోతే ఆ బదిలీని రద్దు చేయమని కోరవచ్చు. కానీ ఆ షరతు ఉన్నట్టు తేలాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2025 జనవరిలో వచ్చిన ఇంకో తీర్పులో, గిఫ్ట్ డీడ్‌తో పాటే కొడుకు రాసిచ్చిన హామీపత్రాన్ని పరిగణనలోకి తీసుకుని తల్లికి ఇల్లు తిరిగి ఇప్పించింది. అయితే హనఫీ ఫిఖ్‌హ్‌లో హిబాకు పెట్టే షరతు చెల్లదు, హిబా మాత్రం చెల్లుతుంది అన్న సూత్రం ఉంది. కాబట్టి రాసేముందు ఆలిమ్‌నూ, లాయర్‌నూ ఇద్దరినీ అడగాలి. చూసుకుంటాననే హామీ కాగితం మీద ఉండాలి. అన్నిటికంటే సురక్షితమైనది, బతికున్నంత కాలం ఇల్లు తమ పేరునే ఉంచుకోవడం.

అబ్బా పోయాక ‘ఇల్లు ఇక కొడుకులదే’ అనడం కూడా తప్పు. ముందు అంత్యక్రియల ఖర్చు, అప్పులు, ఇవ్వకుండా మిగిలిపోయిన మెహర్ తీర్చాలి. తర్వాత పిల్లలున్న భార్యకు ఎనిమిదో వంతు. ఆ తర్వాత మిగిలిన ఇంటి విలువ రూ.80 లక్షలు, వారసులు భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు అనుకుంటే అమ్మీకి రూ.10 లక్షలు, కొడుకులకు రూ.28 లక్షల చొప్పున, కూతురికి రూ.14 లక్షలు. అమ్మీ ఆ ఇంట్లో తన వాటా మీద ఉంటుంది. ఎవరి దయ మీదో కాదు.

ఇంకో జాగ్రత్త. కోడలిని ఇంటినుంచి గెంటేయడానికి ఈ చట్టాన్ని వాడుకోవడం కుదరదు. గృహహింస చట్టం కింద ఆమెకున్న నివాస హక్కును ఇలా పోగొట్టలేరని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఎవరిని అడగాలి?

వృద్ధుల జాతీయ హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్ నంబరు 14567. వారంలో ఏడు రోజులూ, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది. పింఛను, ఆశ్రమం, చట్టం వివరాలు చెబుతారు. వేధింపులు ఎదురైనా, దిక్కులేని వృద్ధులు రోడ్డు మీద కనిపించినా ఇదే నంబరు. కలెక్టరేట్లలో సోమవారం జరిగే ఫిర్యాదుల కార్యక్రమంలోనూ దరఖాస్తు ఇవ్వొచ్చు.

ఈలోగా ఇంట్లో చేసుకోగలిగిన పని ఒకటుంది. ఆధార్, పింఛను కాగితం, వయ వందన కార్డు, ఇంటి పత్రాలు, నిఖానామా, బ్యాంకు పాస్‌బుక్, వాడుతున్న మందుల చీటీ.. అన్నీ ఒక్క ఫైల్‌లో పెట్టి, అది ఎక్కడుందో పిల్లలందరికీ చెప్పాలి. గల్ఫ్ నుంచి అందరూ సెలవు మీద వచ్చే ఈద్‌కు, అమ్మీ, అబ్బాను మధ్యలో కూర్చోబెట్టి ముందు వాళ్లేం కోరుకుంటున్నారో అడగాలి.