రెండు రాడ్లు, ఒకే కోణం

ఈ నెల ఉత్తరాల్లో ఒకటి నన్ను ఇంకో పని ముట్టుకోనివ్వలేదు. "కొండదారుల కోసం బండిని రెండంగుళాలు లేపించాను. స్టీరింగు సరిగా ఉంటుందని చెప్పి కిందికి వంగిన పిట్‌మన్ ఆర్మ్ కూడా వేశారు. ఇప్పుడు గుంతలో పడినప్పుడల్లా, నేను స్టీరింగు కదపకపోయినా బండి పక్కకి లాగేస్తోంది. స్టీరింగు డ్యాంపర్ మారిస్తే పోతుందంటున్నారు. మార్చమంటారా?" అని అడిగారొక పాఠకుడు. ముందు వైపు రెండు చక్రాలకూ కలిపి ఒకే ఇరుసు, దాని మీద కాయిల్ స్ప్రింగులు ఉన్న బండి అది. మన రోడ్ల మీద కనిపించే జిమ్నీ, రాంగ్లర్ ఈ రకానివే.

డ్యాంపర్ జోలికి పోకండి. మీ ఉత్తరంలో రెండో వాక్యం మళ్లీ చదవండి. దోషి అక్కడే ఉన్నాడు.

మొదట భాగాల పేర్లు, గబగబా. స్టీరింగు గేర్‌బాక్సు ఛాసిస్‌కి బిగించి ఉంటుంది. దాని కింద ఊగే పొట్టి చెయ్యి పిట్‌మన్ ఆర్మ్. దాని కొస నుంచి బండికి అడ్డంగా అవతలి చక్రం దాకా పోయే పొడవాటి రాడ్ డ్రాగ్ లింక్. రెండు చక్రాలనూ కలిపేది టై రాడ్. స్టీరింగు వణుకును అణిచేది డ్యాంపర్. మలుపులో లోపలి చక్రం ఎక్కువ, బయటి చక్రం తక్కువ తిరగాలనే అకర్‌మన్ సూత్రం గురించి కూడా రాయాలని చెయ్యి దురద పెడుతోంది. 1818లో లండన్‌లో ఆ పేటెంటు తీసుకున్న రుడాల్ఫ్ అకర్‌మన్ పుస్తకాలు, బొమ్మలు అచ్చువేసి అమ్ముకునే మనిషి. అసలు కనిపెట్టింది మ్యూనిక్‌లో గుర్రపుబళ్లు కట్టే లాంకెన్‌స్పెర్గర్. పేరు మాత్రం ఆయన ఏజెంటుగా పేటెంటు తీసుకున్న అకర్‌మన్‌కి దక్కింది. మన పాఠకుడి రోగం అది కాదు గనక ఇక్కడితో ఆపుతాను.

డ్రాగ్ లింక్‌కి ఒక కొస ఛాసిస్ వైపు, రెండో కొస ఇరుసు వైపు ఉంది. మధ్యలో స్ప్రింగు. చక్రం రాయి ఎక్కితే ఇరుసు వైపు కొస పైకి లేస్తుంది. కానీ రాడ్ సాగదు, కుంచించుకోదు. కాబట్టి ఆ కొస నిట్టనిలువుగా లేవలేదు. ఛాసిస్ వైపు కీలు కేంద్రంగా వృత్తఖండం గీస్తూ లేస్తుంది. లేస్తూ లేస్తూ ఎంతో కొంత పక్కకి జరుగుతుంది. ఎంత?

కాగితం తీసుకోండి, పైథాగరస్ చాలు. రాడ్ పొడవు 900 మిల్లీమీటర్లు అనుకుందాం. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఛాసిస్ కొస కన్నా ఇరుసు కొస 50 మి.మీ. కిందికి ఉంది. చక్రం 50 మి.మీ. లేస్తే రాడ్ సమతలానికి వస్తుంది, కొస పక్కకి జరిగేది 1.4 మి.మీ. ఇప్పుడు బండిని 50 మి.మీ. లేపండి. రెండు కొసల మధ్య ఎత్తు తేడా 100 అయింది. అదే రాయి, అదే 50 మి.మీ. లేవడం, కానీ ఈసారి కొస 4.2 మి.మీ. జరుగుతుంది. మూడింతలు! గుంతలో దిగినప్పుడైతే 7 మి.మీ. రాడ్ ఎంత ఏటవాలుగా ఉంటే ఎత్తులో వచ్చే మార్పు అంత ఎక్కువగా పక్కకి మళ్లుతుంది. చక్రాన్ని తిప్పే స్టీరింగు ఆర్మ్ పొడవు 150 మి.మీ. అనుకుంటే, ఆ 4.2 మి.మీ. ఒక్కటే చక్రాన్ని 1.6 డిగ్రీలు తిప్పాలి. ఎవరూ తిప్పకుండానే తిరిగే ఈ గుణానికి ఇంజనీర్లు పెట్టిన పేరు బంప్ స్టీర్.

అలాగైతే కంపెనీ బండి కూడా కొంచెమైనా లాగాలి కదా? దాదాపు లాగదు. నాకు ముచ్చటేసే కిటుకు ఇక్కడే ఉంది. కాయిల్ స్ప్రింగు బరువు మోయగలదే గానీ ఇరుసును పక్కకి పోకుండా పట్టలేదు. ఆ పని చేసేది పానార్డ్ రాడ్. పారిస్‌లోని పానార్డ్ కంపెనీ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వాడుకలోకి తెచ్చిన సాధనం. దానికీ ఒక కొస ఛాసిస్ మీద, ఒక కొస ఇరుసు మీద. అంటే ఇరుసు మొత్తం కూడా వృత్తఖండం మీదే లేస్తుంది, పక్కకి జరుగుతుంది. ఇప్పుడు పానార్డ్ రాడ్‌నీ డ్రాగ్ లింక్‌నీ ఒకే పొడవులో, ఒకే కోణంలో పెట్టండి. ఇరుసు 4.2 మి.మీ. జరిగింది, డ్రాగ్ లింక్ కొస కూడా అటే 4.2 మి.మీ. జరిగింది. రెండింటి మధ్య తేడా సున్నా. చక్రం తిరగడానికి కారణమే లేదు. రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. నిజం బండ్లలో రెండు పొడవులూ ముమ్మూర్తులా ఒకటిగా ఉండవు కాబట్టి కొద్ది శేషం మిగులుతుంది, అంతే.

ఇంకో విశేషం. బండిని లేపినప్పుడు రెండు రాడ్లూ ఒకే మేర వాలతాయి, సమాంతరంగానే ఉంటాయి. అంటే లేపడం ఒక్కటే బంప్ స్టీర్ తేదు! మరి మన పాఠకుడికి తెచ్చిందేమిటి? ఆ వంగిన పిట్‌మన్ ఆర్మ్. అది డ్రాగ్ లింక్ పై కొసను 50 మి.మీ. దించిందనుకుందాం. చూడ్డానికి లింక్ చక్కగా పడుకుంది. పానార్డ్ రాడ్ మాత్రం ఏటవాలుగానే ఉంది. చక్రం 50 మి.మీ. లేవగానే ఇరుసు 4.2 జరుగుతుంది, లింక్ 1.4 దగ్గరే ఆగుతుంది. తేడా 2.8 మి.మీ., చక్రం మీద ఒక డిగ్రీకి పైమాటే. రెండున్నర మీటర్ల వీల్‌బేస్ ఉన్న బండికి ఒక డిగ్రీ అంటే సుమారు 140 మీటర్ల వ్యాసార్థంతో మలుపు. హైవే మీద, అడక్కుండా! లేని జబ్బుకి మందు వేసి జబ్బు తెప్పించారు.

"డ్రాగ్ లింక్ అడ్డంగా పడుకుని ఉండాలి" అనే నమ్మకం గాల్లోంచి పుట్టలేదు. జిప్సీలాంటి కమాన్ పట్టీల బండ్లలో పానార్డ్ రాడ్ ఉండదు. పట్టీలే ఇరుసును పక్కకి పోకుండా పట్టుకుంటాయి, అది దాదాపు నిలువుగా లేస్తుంది. అక్కడ లింక్ ఎంత అడ్డంగా ఉంటే అంత మంచిది. ఆ బండ్ల మీద చేయి తిరిగిన మెకానిక్ అదే పాఠాన్ని కాయిల్ స్ప్రింగు బండికి వర్తింపజేస్తాడు. పాఠం సరైనదే, బండి వేరు.

డ్యాంపర్ సలహా ఇచ్చినవారు దీన్ని మరో రోగమని పొరబడ్డారు. ముందు చక్రాలు రెండూ వెర్రెత్తినట్టు ఊగిపోయే వణుకు వేరే ఉంది. 1920లలో మెత్తటి బెలూన్ టైర్లు వచ్చాక చాలా కార్లకు అది పట్టుకుంది. ఒక చక్రం లేచి ఇంకోటి దిగితే ఇరుసు వాలుతుంది, తిరుగుతున్న చక్రాలు జైరోస్కోపుల్లా పనిచేసి ఆ వాలును మెలికగా మారుస్తాయి, మెలిక మళ్లీ వాలును పెంచుతుంది. రోల్స్ రాయిస్ నుంచి జనరల్ మోటార్స్‌కి వెళ్లిన మారిస్ ఆలీ వంటివారు దీనితో కుస్తీ పట్టి, చివరికి ముందు ఇరుసునే తీసిపారేశారు. 1934 క్యాడిలాక్ కార్లకు ముందు చక్రాలు దేనికది విడిగా ఊగడం అలా వచ్చిందే. డ్యాంపర్ ఆ వణుకును కాస్త కప్పిపెడుతుంది. వృత్తాల లెక్కను అది మార్చలేదు.

బండిని లేపితే దెబ్బతినే ఇంకో కోణం క్యాస్టర్, దాని సంగతి రెండు మాటల్లో. స్టీరింగు తిప్పినప్పుడు చక్రం ఏ అక్షం చుట్టూ మళ్లుతుందో దాని పై కొస కొంచెం వెనక్కి వాలి ఉండటం వల్ల స్టీరింగు వదిలితే నేరుగా వస్తుంది. ఫ్రాన్స్‌కి చెందిన ఆర్థర్ క్రెబ్స్ 1896లోనే దీన్ని కారుకు ప్రతిపాదించాడు.  ఇరుసును ఛాసిస్‌కి కలిపి రేడియస్ ఆర్మ్‌లనే చేతులు పట్టుకునే బండ్లలో, ఆర్మ్ 800 మి.మీ. ఉండి 50 మి.మీ. లేపితే ఇరుసే మూడున్నర డిగ్రీలు ముందుకు తిరుగుతుంది. కంపెనీ ఇచ్చేదే కొద్ది డిగ్రీలు, అందులో చాలా భాగం అక్కడే పోతుంది. కేంద్రం జరిపిన బుష్‌లు వేసి తిరిగి తెచ్చుకోవచ్చు. మరీ వెనక్కి తిప్పితే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ కీళ్ల మీద కోణం పెరుగుతుంది.

ఇక చేయాల్సింది. పాత పిట్‌మన్ ఆర్మ్ తిరిగి వేయించండి. సమనేల మీద బండి నిలిపి, ముందు నుంచి వంగి చూస్తే రెండు రాడ్లూ రైలు పట్టాల్లా కనబడాలి. ఫోన్‌లో కోణం కొలిచే యాప్ ఉంటే మరీ మంచిది. లేపినప్పుడు ఇరుసు 4 మి.మీ. పక్కకి జరిగి ఉంటుంది కాబట్టి పొడవు సర్దుకునే పానార్డ్ రాడ్‌తో మధ్యకి తెచ్చి, ఆ తర్వాతే డ్రాగ్ లింక్‌తో స్టీరింగు చక్రాన్ని నేరుగా చేయాలి. వరుస తప్పితే పని రెండుసార్లు. ఇంకా ఎత్తు కావాలంటే రెండు రాడ్లనూ కలిపే సవరించాలి. ఇరుసు వైపు కొసలు పైకెత్తడమే నాకు నచ్చుతుంది. ఛాసిస్ వైపు పొడుగాటి బ్రాకెట్ వేలాడదీస్తే మీట పొడవు పెరిగి వెల్డింగు మీద భారం పడుతుంది.

చివరగా చట్టం మాట. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, తయారీదారు ఇచ్చిన వివరాలకు రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తేడా పడేలా బండిని మార్చకూడదంటుంది. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే ఖాయం చేసింది. బండిని లేపే కిట్ కొనే ముందు అమ్మేవాణ్ణి కాదు, ఆర్టీవో ఆఫీసును అడగండి.