పేరు పిలిస్తే ప్రింటర్ పలకాలి!

ఆ రోజు జీఎస్టీ రిటర్న్‌కి ఆఖరి తేదీ. సాయంత్రం నాలుగింటికి ఆసిఫాబాద్ నుంచి మా బావ ఫోన్.

"బామ్మర్దీ, కరెంటు పోయొచ్చింది. ఇప్పుడు ఏ కంప్యూటర్ల చూసినా లెక్కల డేటా ఓపెన్ అయితలేదు. ప్రింటర్ సుత కనవడ్తలేదు. ఏం జెయ్యాలె?"

బావది పత్తి వ్యాపారుల లెక్కలు చూసే చిన్న ఆఫీసు. ఎనిమిది కంప్యూటర్లు, రెండు ప్రింటర్లు, ఒక రౌటర్. వైర్లన్నీ బాగానే ఉన్నాయి. మారింది అడ్రస్సులే!

రౌటర్ ప్రతి మెషీన్‌కీ ఒక ఐపీ అడ్రస్ ఇస్తుంది. అది సొంతిల్లు కాదు, అద్దె కొంప. కరెంటు పోయొస్తే చిన్న రౌటర్లు చాలావరకు ఎవరికి ఏ నంబర్ ఇచ్చాయో మర్చిపోతాయి. అలా 192.168.1.5లో ఉండే డేటా కంప్యూటర్ 192.168.1.9కి మారింది. మిగతా ఏడు మాత్రం పాత తలుపే కొడుతున్నాయి. కొత్త నంబర్ కనుక్కుని అన్నింట్లో కొట్టించేసరికి రాత్రయింది. రిటర్న్ వెళ్లింది గానీ బావకి చెమటలు పట్టాయి.

మన జిల్లానే చూడండి. 2016 అక్టోబర్ 11న ఆదిలాబాద్ నుంచి విడిపోయి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా ఏర్పడింది. 'కలెక్టరాఫీసు' అన్న పేరు అదే. వెళ్లాల్సిన చోటు మాత్రం ఆదిలాబాద్ కాదు, ఆసిఫాబాద్. మనం గుర్తుపెట్టుకోవాల్సింది పేరు. ఆ పేరు ఇప్పుడు ఎక్కడుందో చెప్పడానికి ఒకరుండాలి. నెట్‌వర్క్‌లో ఆ పని చేయడానికి మూడు దారులున్నాయి.

ఒకటి: చేతిరాత చిట్టా. ప్రతి కంప్యూటర్‌లో 'హోస్ట్స్' అనే ఫైల్ ఉంటుంది. పేరు, దాని పక్కన నంబర్ రాసుకోవచ్చు. ఇంటర్నెట్ తొలి రోజుల్లో అమెరికాలోని అర్పానెట్ మొత్తం ఇలాంటి ఒక్క ఫైల్ మీదే నడిచింది. స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం దాన్ని చూసుకునేది. మెషీన్లు పెరిగేకొద్దీ కుదరలేదు. మూడు కంప్యూటర్లుంటే ఈ దారి సరే. ఎనిమిదింట్లో ఎక్కడో ఒకచోట మార్చడం మర్చిపోవడం ఖాయం.

రెండు: కేకేయడం. "డేటా కంప్యూటర్ ఎవరు?" అని ఒక మెషీన్ అరుస్తుంది, ఆ పేరున్నది "నేనే" అంటుంది. నెట్‌బయోస్, ఎల్ఎల్ఎంఎన్ఆర్, ఎండీఎన్ఎస్ అన్నీ ఈ బాపతే. సెట్టింగ్ అక్కర్లేదు. కానీ మామూలుగా ఆ కేక రౌటర్ దాటి పక్క నెట్‌వర్క్‌కి వినపడదు. పైగా దొంగ ల్యాప్‌టాప్ కూడా "నేనే" అనొచ్చు. అలా పాస్‌వర్డ్ వివరాలు కాజేసే టూల్స్ కూడా ఉన్నాయి.

మూడు: డీఎన్ఎస్. 1983లో పాల్ మోకపెట్రిస్ రూపొందించిన పద్ధతి. చిట్టా ఒకచోట ఉంటుంది, అందరూ అక్కడే అడుగుతారు. మార్పు ఒక్కచోట చేస్తే చాలు.

బావ ఆఫీసుకి మూడోదే పెట్టా. కొత్త సర్వర్ ఏమీ కొనలేదు. ముందు రౌటర్ పేజీలో డేటా కంప్యూటర్‌కి, ప్రింటర్లకి నంబర్లు రిజర్వ్ చేశా. అంటే కరెంటు ఎన్నిసార్లు పోయినా వాటికి అదే నంబర్. తర్వాత అదే రౌటర్‌లోని డీఎన్ఎస్‌లో పేర్లు రాశా. పేర్ల చివర 'డాట్ ఇంటర్నల్' తగిలించా. సొంత నెట్‌వర్క్‌ల కోసమే 2024లో ఐకాన్ దాన్ని పక్కన పెట్టింది. 'డాట్ లోకల్' వాడకండి, అది ఎండీఎన్ఎస్ వాళ్లది.

ఇక్కడే చాలామంది ఒక తప్పు చేస్తారు. నెట్ ఫాస్ట్‌గా వస్తుందని కంప్యూటర్లలో 8.8.8.8 అని గూగుల్ డీఎన్ఎస్ కొడతారు. మన ఆఫీసు ప్రింటర్ పేరు గూగుల్‌కి ఏం తెలుసు? "అట్లాంటోళ్లు లేరు" అంటుంది. రెండో డీఎన్ఎస్‌గా పెట్టినా ఒక్కోసారి ఇదే గోల. కంప్యూటర్లు రౌటర్‌నే అడగాలి. బయటి పేర్లయితే రౌటరే బయట కనుక్కుని చెబుతుంది.

మొన్న గాలివానకి ఆసిఫాబాద్‌లో మళ్లీ కరెంటు పోయింది. సాయంత్రం బావ ఫోన్ చూసి గుండె జారింది.

"ఏం బామ్మర్దీ, పండుగకి ఎప్పుడొస్తున్నవ్?"

ప్రింటర్ ఊసే ఎత్తలేదు!