వసంతంలో క్రాపీ చేపల వేట: గూడు, కాపలా, గాలం

పరిచయం

గుడ్లు పెట్టే కాలంలో చేపలను పట్టకూడదన్నది మనకు బాగా తెలిసిన సూత్రం. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరపడవలతో సముద్రంలో వేటను నిషేధించడానికి ముఖ్య కారణం ఇదే. అమెరికాలో క్రాపీ అనే మంచినీటి చేప విషయం ఇందుకు భిన్నంగా కనిపిస్తుంది. గాలం వేసేవారు ఏడాది పొడుగునా ఎదురుచూసేది అది గుడ్లు పెట్టే వసంతకాలం కోసమే. టెక్సస్, మిసిసిపి, టెనెసీ వంటి దక్షిణాది రాష్ట్రాల జలాశయాల ఒడ్డున అప్పుడు పడవలు బారులు తీరతాయి. అక్కడి మత్స్యశాఖలు కూడా సాధారణంగా వారిని ఆపవు. ఒకచోట తప్పయినది మరొకచోట ఎందుకు తప్పు కాలేదో తెలుసుకోవాలంటే ముందుగా ఈ చేప జీవితాన్ని గమనించాలి.

క్రాపీ: రెండు జాతులు

క్రాపీలు సెంట్రార్కిడే కుటుంబానికి చెందినవి. వీటిలో తెల్ల క్రాపీ (పొమాక్సిస్ అన్యులారిస్), నల్ల క్రాపీ (పొమాక్సిస్ నైగ్రోమాక్యులేటస్) అని రెండు జాతులున్నాయి. తెల్ల క్రాపీ ఒంటిపై నిలువు చారలు, నల్ల క్రాపీ ఒంటిపై చెదురుమదురుగా మచ్చలు ఉంటాయి. రంగు నీటినిబట్టి మారుతుంది కాబట్టి దానిని నమ్ముకోకుండా పృష్ఠ వాజంలోని ముళ్ళను లెక్కపెట్టడం మంచిది. సాధారణంగా తెల్లదానికి 5 లేదా 6, నల్లదానికి 7 లేదా 8 ముళ్ళు ఉంటాయి. తెల్ల క్రాపీ బురదనీటిని బాగా తట్టుకుంటుంది. నల్లది తేటగా ఉండి, నాచు, నీటిమొక్కలు ఉన్న చోటును ఇష్టపడుతుంది.

ఇవి పెద్ద చేపలు కావు. తెల్ల క్రాపీలో ప్రపంచ రికార్డుగా నమోదైన చేపను 1957లో మిసిసిపిలోని ఈనిడ్ జలాశయంలో పట్టారు. దాని బరువు 5 పౌండ్ల 3 ఔన్సులు, అంటే సుమారు 2.35 కిలోలు. మామూలుగా గాలానికి చిక్కేవి అర కిలోకు అటూ ఇటూ ఉంటాయి. తెల్లని మెత్తటి కండ, వేపుడుకు అనువైన రుచి వీటికి ఇంత ఆదరణ తెచ్చాయి.

నీటి ఉష్ణోగ్రత, గూడు

శీతకాలమంతా క్రాపీలు లోతునీటిలో గుంపులుగా ఉంటాయి. పగటి కాలం పెరిగి, నీరు వెచ్చబడుతున్నకొద్దీ అవి ఒడ్డువైపు కదులుతాయి. నీరు సుమారు 16 నుంచి 20 డిగ్రీల సెల్సియస్‌కు చేరినప్పుడు గుడ్లు పెట్టడం ముమ్మరమవుతుంది. అందువల్ల ఈ రుతువుకు దేశమంతటికీ వర్తించే ఒకే తేదీ లేదు. టెక్సస్, లూసియానాలలో అది మార్చి నాటికే కనిపిస్తే, ఉత్తరాన మిన్నెసోటాలో మే నెల దాకా ఆగాలి. మధ్యలో చలిగాలి వీచి నీరు చల్లబడితే చేపలు మళ్ళీ కాస్త లోతుకు జారుకుంటాయి. అనుభవమున్నవారు క్యాలెండరుకన్నా ఉష్ణమాపకాన్ని నమ్మడానికి కారణం ఇదే.

ఒడ్డుకు ముందుగా చేరేది మగచేప. నీటిలో మునిగిన పొదలు, మొద్దులు, రెల్లు మొదళ్ళ దగ్గర అడుగును తోకతో, వాజాలతో ఊడ్చి చిన్న గుంటలా గూడు చేసుకుంటుంది. ఈ కాలంలో దాని తల, గొంతు, రొమ్ము భాగాలు నల్లబడతాయి. ఆడచేప వచ్చి గుడ్లు విడిచి వెళ్ళిపోతుంది. అది ఒకే గూటికి పరిమితం కాకుండా వేర్వేరు గూళ్ళలో కూడా గుడ్లు పెట్టవచ్చు. ఆపైన బాధ్యత అంతా మగచేపదే. వాజాలతో నీటిని ఆడిస్తూ గుడ్లకు ప్రాణవాయువు అందేలా చేస్తుంది. దగ్గరకు వచ్చిన ప్రతి ప్రాణినీ తరుముతుంది. నీటి వెచ్చదనాన్నిబట్టి రెండు నుంచి ఐదు రోజుల్లో గుడ్లు పగులుతాయి. పిల్లలు ఈది వెళ్ళేవరకు మరికొన్ని రోజులు కాపలా సాగుతుంది.

మన కొరమీనుతో ఇక్కడ పోలిక తట్టడం సహజం. అది కూడా గుడ్లను, ఎర్రగా గుంపుకట్టి తిరిగే పిల్లలను కాస్తుంది. బొచ్చె, రాగండి వంటివి ప్రవాహంలో గుడ్లు వెదజల్లి వెళ్ళిపోయే చేపలు కనుక వాటిలో ఈ ప్రవర్తన కనిపించదు.

వేట పద్ధతి

లోతునీటిలో చెదిరి ఉండే చేప ఇప్పుడు ఒడ్డుకు బారెడు దూరంలో, తెలిసిన చోట, గుంపుగా దొరుకుతుంది. బురదనీటిలో గూళ్ళు రెండు మూడు అడుగుల లోతులోనే ఉండవచ్చు. తేటనీటిలో వెలుతురు లోతుకు దిగుతుంది కాబట్టి గూళ్ళు కూడా లోతుకు పోతాయి. పది పన్నెండు అడుగుల పొడవైన గాలపు కర్ర, సన్నని తాడు, చిన్న బెండు, ఎరగా బతికున్న చిన్న చేప లేదా జిగ్ ఉంటే చాలు. జిగ్ అంటే సీసపు తల ఉన్న కొక్కానికి ఈకలో, మెత్తటి ప్లాస్టిక్ తోకో కట్టిన కృత్రిమ ఎర. పొడవైన కర్ర ఎందుకంటే, దూరం నుంచి విసరకుండా ఎరను నేరుగా పొద పక్కనే నిలువుగా దింపవచ్చు.

ఎరను చేపకు కొంచెం పైన ఆపాలి. క్రాపీ పైనున్న ఆహారాన్ని అందుకోవడానికి అలవాటుపడిన చేప. తన కిందికి జారిపోయిన దాని కోసం సాధారణంగా దిగదు. చిక్కిన తరువాత గట్టిగా గుంజితే నోటి చుట్టూ ఉన్న పలుచని పొర చిరిగి చేప తప్పించుకుంటుంది. అక్కడివారు దీనికి ‘కాగితపు నోరు’ అని పేరు పెట్టింది ఇందుకే.

గూటి దగ్గరి మగచేప ఆకలితోనే ఎరను పడుతుందనుకోకూడదు. చొరబాటుదారును తరిమే ప్రయత్నంలో కూడా అది నోరు తెరుస్తుంది. అంటే సంతానాన్ని కాపాడే గుణమే దాన్ని గాలానికి పట్టిస్తుంది. అది పోయిన గూటిని ఇతర చిన్న చేపలు కొద్దిసేపట్లో దోచుకోగలవు.

ఆలోచించండి: ఆడచేప గుడ్లు పెట్టి వెళ్ళిన తరువాత మగచేపను పట్టడం, గుడ్లు పెట్టకముందే ఆడచేపను పట్టడం - ఈ రెండింటిలో ఆ ఏటి సంతతికి దేనివల్ల ఎక్కువ నష్టం? ఎందుకు?

అయినా నిషేధం ఎందుకు లేదు?

ఒక్క ఆడ క్రాపీ పదివేల నుంచి లక్షకు పైగా గుడ్లు పెట్టగలదు. పెద్ద జలాశయంలో గూళ్ళు వేల సంఖ్యలో ఉంటాయి. వాటిలో కొన్ని పాడైనా మిగిలినవి సరిపోతాయి. క్రాపీలో ఒక ఏడు పిల్లలు విపరీతంగా బతికి, మరుసటి ఏడు దాదాపు ఏమీ మిగలకపోవడం సాధారణం. ఈ ఎగుడుదిగుళ్ళకు గాలాలకన్నా నీటిమట్టమే పెద్ద కారణమని జలాశయాల పరిశీలనల్లో తేలింది. గుడ్లు పెట్టడానికి ముందు నీరు నిండుగా ఉండి, ఒడ్డు పొదలు మునిగిన సంవత్సరాల్లో సంతతి బలంగా ఉంటుంది. గూళ్ళు కట్టిన వెంటనే నీటిని వేగంగా తగ్గిస్తే గుడ్లు ఎండిపోతాయి. ఆనకట్ట తలుపులను నడిపే ఇంజనీరు నిర్ణయం వందలాది గాలాలకన్నా బలమైనదన్న మాట.

చిన్న చెరువుల్లో సమస్య తలకిందులవుతుంది. అక్కడ క్రాపీలు మితిమీరి పెరిగి, తిండి చాలక గిడసబారిపోతాయి. పట్టకపోవడమే అక్కడ నష్టం.

కాబట్టి అక్కడి యాజమాన్యం కాలాన్ని మూసివేయడానికి బదులు పరిమాణాన్ని, సంఖ్యను నియంత్రిస్తుంది. టెక్సస్‌లో సాధారణ నియమం ప్రకారం ఒక్కొక్కరు రోజుకు 25 క్రాపీలకు మించి ఉంచుకోకూడదు. 10 అంగుళాలకన్నా చిన్నదాన్ని నీటిలో వదిలేయాలి. క్రాపీ రెండు మూడేళ్ళకు ఈడుకు వస్తుంది. ఆ పొడవుకు పెరిగేలోపు అది కనీసం ఒకసారి గుడ్లు పెట్టే అవకాశం ఉంటుందన్నది దీని వెనుక ఉన్న లెక్క. డాలస్ పరిసరాల్లో స్థిరపడి, వారాంతాల్లో జలాశయాల ఒడ్డుకు వెళ్ళే తెలుగువారికీ ఇవే నియమాలు వర్తిస్తాయి. 17 ఏళ్ళు నిండినవారు సాధారణంగా లైసెన్సు తీసుకోవాలి. నియమాలు జలాశయాన్నిబట్టి మారుతాయి కాబట్టి వెళ్ళేముందు ఆ ఏటి ప్రకటన చూసుకోవడం అవసరం.

ఈ వాదనను మన చెరువులకు యథాతథంగా అన్వయించడం సరికాదు. కొరమీను పెట్టే గుడ్లు క్రాపీతో పోలిస్తే తక్కువ. పిల్లలను కాచే కాలం వారాల తరబడి ఉంటుంది. చిన్న చెరువులో కాపలా కాస్తున్న పెద్ద చేపలను ఎర్రపిల్లల గుంపు ఆనవాలుతో వెతికి పడితే ఆ గుంపు మొత్తం పక్షులకు, ఇతర చేపలకు ఆహారమవుతుంది. ఒక చేపను గుడ్ల కాలంలో పట్టవచ్చా అని అడిగినప్పుడు అది ఎన్ని గుడ్లు పెడుతుంది, ఎంతకాలం కాస్తుంది, ఆ నీటిలో మొత్తం ఎన్ని గూళ్ళుంటాయి అన్న మూడింటికీ జవాబు తెలియాలి. క్రాపీకి వచ్చిన జవాబు కొరమీనుకు రాదు.