సేనలు వెనుదిరిగిన వేళ: 1877 అమెరికా

అంతర్యుద్ధము ముగిసిన దేశమున సేనలను వెనుకకు పిలిచినచో శాంతి నెలకొన్నదని లోకము తలచును. కాని ఆ నిర్ణయము చేయువారు రాజధానిలో ఎన్నికల లెక్కలను, ఖజానా లెక్కలను చూచుకొనువారు. సేనలు ఎవరి రక్షణకై నిలిచినవో వారి క్షేమము ఆ లెక్కలలో తుదకు చేరును, ఒక్కొక్కప్పుడు చేరనే చేరదు. 1877లో అమెరికా సంయుక్త రాష్ట్రములలో జరిగినది ఇదియే.

1865లో బానిసత్వము రద్దయిన పిదప, అంతర్యుద్ధమున ఓడిన దక్షిణాది ప్రభువర్గము విముక్తులైన నల్లజాతివారిని మరల కాడి క్రిందికి తెచ్చు శాసనములు చేయసాగగా, కాంగ్రెసు 1867లో పది రాష్ట్రములను ఐదు సైనిక మండలములుగా విభజించి, నల్లవారికి ఓటుహక్కుగల క్రొత్త ప్రభుత్వములు ఏర్పడునట్లు చేసెను. ఆ ఓటును తుపాకితో అడ్డగింప కూ క్లక్స్ క్లాన్ బయలుదేరినప్పుడు, గ్రాంటు అధ్యక్షుడు 1871లో దక్షిణ కరోలినాలోని తొమ్మిది కౌంటీలలో నిర్బంధమును న్యాయస్థానమున ప్రశ్నించు హెబియస్ కార్పస్ హక్కును నిలిపివేసి, సేనలను పంపి దుండగులను పట్టించెను. సంకల్పమున్నంతకాలము ఆ కొద్దిపాటి సైన్యమే చాలెను.

సంకల్పము సడలుటకు కారణములు దక్షిణాదిలో గాక ఉత్తరాదిలో పుట్టినవి. 1873లో జే కుక్ బ్యాంకు కూలి దేశమంతట పనులు స్తంభించినవి. మరుసటి యేడు ప్రతినిధి సభ, దక్షిణాదిలో సేనల జోక్యమును వ్యతిరేకించు డెమొక్రాట్ల వశమయ్యెను. 1875లో మిసిసిపీ గవర్నరు ఏమ్స్ సేనలకై ప్రార్థింపగా వాషింగ్టను వెనుకాడెను. పంపినచో ఒహాయో ఎన్నికలో ఓడుదుమని ఆ రాష్ట్రపు రిపబ్లికన్లు హెచ్చరించిరని గ్రాంటే తనతో చెప్పినట్లు నల్లజాతి కాంగ్రెసు సభ్యుడు జాన్ లించ్ తరువాత వ్రాసెను. ఆ ఒహాయో ఎన్నికలో గవర్నరుగా గెలిచినవాడు రూథర్‌ఫర్డ్ హేస్; రెండేండ్లకు అధ్యక్షుడై సేనలను ఉపసంహరించినవాడును ఆతడే.

1876 అధ్యక్ష ఎన్నికలో డెమొక్రాటు టిల్డెనుకు 184 ఎలెక్టరల్ ఓట్లు, హేసుకు 165 రాగా, వివాదములో చిక్కిన 20 ఓట్లలో 19 దక్షిణ కరోలినా, లూయిసియానా, ఫ్లారిడాలవి. వివాదము తీర్చుటకు కాంగ్రెసు ఏర్పరచిన పదునైదుగురి సంఘము 8-7 తేడాతో అన్నిటిని హేసుకే ఇచ్చెను. డెమొక్రాట్లు లెక్కింపును సాగదీయుచుండగా, ఫిబ్రవరిలో వాషింగ్టనులోని వర్మ్‌లీ హోటలులో ఉభయపక్షముల పెద్దలు మాటలాడుకొనిరి. హేసు మిత్రులు, లూయిసియానా, దక్షిణ కరోలినా రిపబ్లికను ప్రభుత్వములను ఇక సేనలు నిలబెట్టవని నమ్మకమిచ్చిరి. హోటలు యజమాని జేమ్స్ వర్మ్‌లీ నల్లజాతివాడు. చర్చలో మాత్రము నల్లవారి పక్షమున ఒక్కడును లేకుండెను. ఆ ఒక్క బేరముతోనే అంతయు తేలినదనుట సరికాదని నా అభిప్రాయము. ప్రతినిధి సభ అప్పటికే సైన్యమునకు ధనము మంజూరు చేయక భీష్మించియుండెను. సైనికులు నవంబరువరకు జీతములు లేక గడపిరి.

దక్షిణ కరోలినా రాజధాని కొలంబియాలో అప్పుడు తామే గెలిచితిమను ఇద్దరు గవర్నర్లు. ఒకే శాసనసభా మందిరమున ఇద్దరు స్పీకర్లు నాలుగుదినములు ప్రక్కప్రక్కన కూర్చుండి ఎవరి సభను వారు నడపిన వింతయు జరిగినది. రిపబ్లికను గవర్నరు చేంబర్లెన్‌కు ఆధారము ఆ భవనమున కావలియున్న చిన్న సైనిక దళమే. ఏప్రిల్ 10న అది అధ్యక్షుని ఆజ్ఞచే భవనమును విడిచి తన పూర్వపు శిబిరమునకు పోయెను. నడచినది కొలది దూరమే. మరునాడే చేంబర్లెన్ కార్యాలయమును తన ప్రత్యర్థి, డెమొక్రాటు హాంప్టనుకు అప్పగించెను. ఏప్రిల్ 24న న్యూ ఆర్లియన్సులోను ఇదే జరిగినది.

సైన్యము చాలకపోవుటచే ఇది జరిగినదని చెప్ప వీలులేదు. ఆ జూలైలోనే రైల్వే కార్మికులు సమ్మె చేయగా హేసు వారిపైకి సేనలను పంపెను. నల్లవారి హక్కులను కాపాడుదుమని దక్షిణాది నాయకులిచ్చిన మాటను ఆతడు నమ్మెను. ఆ మాట నిలువలేదు. లూయిసియానా 1898లో క్రొత్త రాజ్యాంగమును వ్రాసికొని ఓటుకు అర్హతల అడ్డుగోడలు కట్టెను. 1896లో అచ్చట 1,30,000కు పైబడియున్న నల్లజాతి ఓటర్లు 1904 నాటికి 1,342 మంది.