హెన్రీ రాజుగారి ఆరుగురు భార్యలూ, మన అమ్మాయిల పరీక్షా!

ఎనిమిదో హెన్రీ రాజుకి భార్యలెందరు? లండన్ ఐ అనే జెయింట్ వీల్ ఎత్తెంత? బాక్సింగ్ డే ఏ తారీఖున వస్తుంది?

ఇదేదో పిల్లల క్విజ్ పోటీ అనుకుంటున్నారా? కాదండీ! ఇంగ్లండులో స్థిరపడాలనుకునే మన తెలుగింటి ఆడపడుచులు పొయ్యి మీద కూర పెట్టుకుని బట్టీ పడుతున్న పాఠాలివి. జవాబులు కూడా చెప్పేస్తాను. భార్యలు ఆరుగురు, ఎత్తు 443 అడుగులు, తారీఖు డిసెంబరు 26.

ఈ పరీక్ష పేరు ‘లైఫ్ ఇన్ ది యూకే’. పౌరసత్వం కోరేవారికి 2005లో, శాశ్వత నివాసం కోరేవారికి 2007లో మొదలుపెట్టారు. కంప్యూటరు ముందు కూర్చుని 45 నిమిషాల్లో 24 ప్రశ్నలకు జవాబివ్వాలి. అందులో 18 సరిగ్గా ఉండాలి. ఫీజు 50 పౌండ్లు. తప్పితే మళ్లీ ఫీజు కట్టి మళ్లీ రాయాల్సిందే. మామూలుగా 18 నుంచి 64 ఏళ్ల వయసు వారందరికీ ఇది తప్పనిసరి. భర్త పాసయ్యాడు కదా అని భార్యకు మినహాయింపు ఉండదు. ఎవరి పరీక్ష వారిదే.

ఫోనులో పాఠాలు

మా దుమ్ముగూడెం వైపు అమ్మాయి ఒకామె పెళ్లయి అక్కడికి వెళ్లింది. పరీక్ష దగ్గరపడ్డాక పుస్తకం పేజీలు ఫొటోలు తీసి నాకు పంపి, “అక్కా, నువ్వు ప్రశ్నలడుగు, నేను చెప్తా” అంది. అక్కడ తను పిల్లను బడికి పంపి కూర్చునేసరికి ఇక్కడ మనకు మధ్యాహ్నం భోజనాలయి, అంట్లు తోమడం కూడా అయిపోయేది.

“హెన్రీ తల తీయించిన రాణులెవరు?”

“ఆన్ బొలీన్, కేథరిన్ హోవర్డ్. అయినా ఆరుగురిలో ముగ్గురు కేథరిన్లేనక్కా! ఎవరెవరో తెలిసి చావదు.”

“నవంబరు 5న టపాకాయలెందుకు కాలుస్తారు?”

“1605లో పార్లమెంటును పేల్చేయాలని చేసిన కుట్ర బయటపడినందుకు. మన దీపావళి దగ్గర్లో వస్తుంది కాబట్టి అది మరిచిపోను.”

“బ్రిటన్‌లో మొదటి కూర హోటలు ఎవరు పెట్టారు?”

దీనికి ఆమె గొంతులో హుషారొచ్చేది. మనవాడే మరి! 1759లో పుట్టిన షేక్ దీన్ మొహమ్మద్. బెంగాల్ సైన్యంలో పనిచేసి, ఆ దేశం వెళ్లి, 1810లో లండన్‌లోని జార్జ్ స్ట్రీట్‌లో ‘హిందుస్థానీ కాఫీ హౌస్’ తెరిచాడు. వాళ్లకు మన తలమర్దన రుచి చూపించిందీ ఆయనే. మనం సీసాల్లో కొనుక్కునే షాంపూ పేరు కూడా మన హిందీ మాట నుంచే వెళ్లింది!

ఇలాంటి ముచ్చట్లు తెలిస్తేనే ఆ దేశం తెలిసినట్టా? ఈ మాట అక్కడి వాళ్లే అడిగారు. డర్హం యూనివర్సిటీ ప్రొఫెసర్ థామ్ బ్రూక్స్ అమెరికా నుంచి వచ్చి, తానూ ఈ పరీక్ష రాసినవాడే. ఇది కాలక్షేపం క్విజ్‌లా ఉందని 2013లో విమర్శించాడు. లండన్ ఐ ఎత్తు తెలియాలట గానీ, ఆపదలో తిప్పాల్సిన 999 నంబరు తెలియనక్కర్లేదా అన్నది ఆయన ఫిర్యాదు. 2022లో ప్రభువుల సభ సంఘం కూడా దీన్ని సరిదిద్దమని కోరింది.

అసలైన పేజీలు

అయితే ఆ పుస్తకంలో మనకు పనికొచ్చే పేజీలూ ఉన్నాయి. 1870 దాకా బ్రిటన్‌లో పెళ్లయిన స్త్రీ సంపాదన, ఆస్తి అన్నీ భర్తకే చెందేవి. 1870, 1882 చట్టాలతో వాటి మీద ఆమెకు హక్కు వచ్చింది. ఎమ్మెలిన్ పాంక్‌హర్స్ట్ లాంటి వాళ్లు పోరాడితే, 1918లో 30 ఏళ్లు దాటిన స్త్రీలకు ఓటు ఇచ్చారు. మగవాళ్లతో సమానంగా 21 ఏళ్లకే ఓటు రావడానికి 1928 దాకా ఆగాల్సి వచ్చింది. మనకైతే 1951-52 మొదటి సాధారణ ఎన్నికల్లోనే ఆ సమానత్వం వచ్చేసింది. ఇంట్లో కొట్టడం నేరమనీ, బలవంతపు పెళ్లి నేరమనీ కూడా ఆ పుస్తకంలోనే రాసి ఉంది.

ఆ పేజీ దగ్గర మా అమ్మాయి ఆగిపోయింది. “ఇవన్నీ నాకు తెలియవక్కా. ప్రశ్నలూ జవాబులూ కాగితం మీద రాసిచ్చి బట్టీ పట్టమన్నారాయన. నా జీతం కూడా ఆయన అకౌంట్లోనే పడుతుంది” అంది.

1882లో తేలిన విషయం ఇన్నేళ్ల తర్వాత మనింటి పిల్ల దగ్గర ఇంకా తేలలేదన్నమాట!

మనం అడగాల్సిన ప్రశ్న

ఆ చట్టాలు వచ్చిన రోజుల్లోనే బ్రిటన్ వాళ్లు మా దుమ్ముగూడెంలో ఉన్నారు. ధవళేశ్వరం ఆనకట్ట పంటల కోసమైతే, దుమ్ముగూడెం ఆనకట్ట పడవల కోసం. గోదావరిలో బండరాళ్లు తప్పించి, లాకుల గుండా పడవలు నడిపి, నాగపూరు వైపు పత్తిని సముద్రం దాకా చేర్చాలని ఆలోచన. కెప్టెన్ హెయిగ్ అనే ఇంజనీరు చూసిన ఆ పనిని 1871లో మధ్యలోనే వదిలేశారు. కోయల మధ్య పనిచేయడానికి చర్చ్ మిషనరీ సొసైటీ వాళ్లూ ఇక్కడికి వచ్చారు. ఆడవాళ్లకు లేసు అల్లడం నేర్పారు.

లేసు ఇప్పుడు నరసాపురంలో ఎక్కువ. ఆ అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కానీ మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో రాసిన పుస్తకంలో చూపించిందేమిటి? రోజంతా అల్లే ఆడవాళ్లను ఖాళీగా ఉన్న గృహిణులుగా లెక్కగట్టారనీ, లాభం వర్తకులకు చేరిందనీ! అల్లిక నేర్చుకున్నాం గానీ అల్లిన చేతికి డబ్బు రావడం నేర్చుకోలేదు.

మా అమ్మాయి పరీక్ష పాసైంది. ఆ తర్వాత నెలలోనే తన పేరు మీద బ్యాంకు అకౌంటు తెరిచానని చెప్పింది. గొడవేం జరగలేదట. “అడిగితే ఇచ్చేవారేనక్కా, అడగాలని నాకే తోచలేదు” అంది.

మీ కూతురో, చెల్లెలో, ఆడపడుచో అక్కడుంటే మీరూ ఫోనులో పరీక్ష పెట్టండి. రాణుల పేర్లు తర్వాత. ముందు 999 తెలుసా, పాస్‌పోర్టు ఎక్కడుంది, జీతం ఎవరి అకౌంట్లో పడుతోంది అని అడగండి. కేథరిన్‌ల పేర్లు పరీక్ష మర్నాడు మరిచిపోయినా నష్టం లేదు. ఈ మూడూ మాత్రం మరిచిపోకూడదు.