రంగు – నీడ – మెరుపు

అరచేతిలో ఇమిడే బొమ్మను చెక్కడం ఒక విద్య. దానికి రంగులు దిద్దడం మరొక విద్య. ఉలి బొమ్మకు ఆకారాన్ని ఇస్తుంది. కుంచె జీవకళను ఇస్తుంది. చిట్టచివరి పూత ఆ కళను కాపాడుతుంది. బొమ్మ చిన్నదయ్యేకొద్దీ కుంచె పట్టినవాని బాధ్యత పెరుగుతుంది. అందుకు గల కారణాలను, రంగుల వెనుక దాగి ఉన్న మంచిచెడ్డలను ఈ పాఠంలో తెలుసుకొందాం.

కొండపల్లి పనితనం

సూర్యాపేట జిల్లాలోని మోతె ప్రాంతం నుండి కోదాడ చేరి, అక్కడి నుండి విజయవాడకు పోయే 65వ నంబరు జాతీయ రహదారిపై ప్రయాణిస్తే, విజయవాడకు కొంత ముందుగా కొండపల్లికి దారి వస్తుంది. నేడు ఎన్టీఆర్ జిల్లాలో ఉన్న ఈ ఊరు కొయ్యబొమ్మలకు పుట్టినిల్లు. దశావతారాలు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాటిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడు – ఇవన్నీ బొమ్మల కొలువులలో తెలుగువారికి చిరపరిచితాలే.

ఈ బొమ్మలకు తెల్లపొనికి కర్రను వాడతారు. అది తేలికైనది, మెత్తనిది. కర్రలోని తేమను పోగొట్టిన తరువాత తల, మొండెం, కాళ్లు, చేతులు విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి నూరిన ముద్దను మక్కు అంటారు. దానితో అవయవాలను అతికించి, అతుకులను పూడ్చి, ఆరిన తరువాత ఆకురాయితో నునుపు చేస్తారు. ఆ పైన తెల్లని సున్నపు పూత పూస్తారు.

ఈ తొలిపూత అలంకారం కోసం కాదు. పొనికి కర్ర రంగును నీటివలె పీల్చుకొంటుంది. నేరుగా రంగు వేస్తే అది లోపలికి ఇంకి, పైన మచ్చలు మచ్చలుగా మిగులుతుంది. తెల్లని పూత ఆ రంధ్రాలను మూసివేస్తుంది. అంతేకాక, తనపై పడిన వెలుగును తిరిగి పైకి పంపి, మీది రంగును కాంతిమంతం చేస్తుంది. ఆ తరువాతనే పెద్ద భాగాలకు రంగులు, చీర అంచులు, నగలు, చివరగా కన్నులు, కనుబొమలు. సన్నని గీతలకు మేక వెంట్రుకలతో చేసిన కుంచెలను వాడతారు.

నీడను చిత్రించడం

కొండపల్లి బొమ్మలలో స్వచ్ఛమైన రంగులు, స్పష్టమైన గీతలు ప్రధానం. వెలుగునీడలను ప్రధానంగా చేసుకొన్న మరొక బొమ్మల కళ ఉన్నది. అది యుద్ధక్రీడల బొమ్మలకు రంగులు వేసే కళ. యుద్ధాన్ని ఆటగా మార్చడం మనకు కొత్త కాదు. గజ, తురగ, రథ, పదాతి దళాలతో భారతదేశంలో పుట్టిన చతురంగమే నేటి చదరంగానికి మూలం. ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో 'లిటిల్ వార్స్' అనే పుస్తకంలో బొమ్మ సైనికులతో ఆడే యుద్ధక్రీడకు నియమాలు రాశాడు. 1983లో ఇంగ్లండులో వెలువడిన 'వార్‌హామర్' ఆటతో ఈ వినోదం అనేక దేశాలకు వ్యాపించింది. ఇటువంటి ఆటలలోని సైనికుని బొమ్మ తరచుగా 28 మిల్లీమీటర్ల ప్రమాణంలో, అంటే ఇంచుమించు ఒక అంగుళం ఎత్తున ఉంటుంది.

నిలువెత్తు విగ్రహంపై ఎండ పడినప్పుడు వస్త్రపు మడతలలో నీడ దానంతట అదే ఏర్పడుతుంది. అంగుళం బొమ్మలో ఆ మడత లోతు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అక్కడ పడే నీడ మన కంటికి ఆనదు. కనుక ఒకే రంగు పూసిన చిన్న బొమ్మ రంగు ముద్దవలె కనిపిస్తుంది. ప్రకృతి చేయవలసిన పనిని అక్కడ చిత్రకారుడే చేయాలి.

ఇందుకు రెండు పద్ధతులు ప్రసిద్ధం. మొదటిది పల్చని ముదురు రంగును బొమ్మపై పారించడం. ఆ ద్రవం మిట్టల మీద నిలువక పల్లములలోకి జారి ఆరుతుంది. మడతలు, వేళ్ల సందులు, కవచపు అతుకులు నీడపట్టున ఉన్నట్లు కనిపిస్తాయి. రెండవది పొడికుంచె పద్ధతి. కుంచెను లేత రంగులో ముంచి, గుడ్డతో దాదాపు పూర్తిగా తుడిచి, బొమ్మపై తేలికగా ఆడించాలి. మిగిలిన కొద్దిపాటి రంగు మిట్టలకు మాత్రమే అంటుకొని, వెలుగు పడిన భ్రాంతిని కలిగిస్తుంది. నీడ అనగానే నలుపు వాడడం సరికాదు. పసుపు వస్త్రపు నీడకు గోధుమ రంగు, ఎరుపు నీడకు ముదురు ఎరుపు సహజంగా ఉంటాయి.

మెరుగుపూత

ఇంత శ్రమపడి దిద్దిన రంగులు చేతి చెమటకు, రాపిడికి చెడిపోకుండా పైన వార్నిషు పూస్తారు. నిగనిగలాడే వార్నిషు నున్నగా ఉండి వెలుగును అద్దంవలె ఒకే దిక్కుకు పంపుతుంది. రంగులు గాఢంగా కనిపిస్తాయి కాని, ఆ తళుకులో చిత్రించిన నీడలు మరుగున పడతాయి. మెరుపు లేని వార్నిషులోని సూక్ష్మకణాలు వెలుగును నలుదిక్కులకు వెదజల్లుతాయి. నీడలు స్పష్టంగా నిలుస్తాయి. అందువలన కొందరు దృఢత్వం కోసం ముందు నిగనిగలాడే పూతను వేసి, అది ఆరిన పిదప మెరుపు లేని పూతను వేస్తారు.

ఈ దశలో తొందర పనికిరాదు. కింది రంగు పూర్తిగా ఆరక ముందే వార్నిషు వేస్తే ముడతలు పడవచ్చు. గాలిలో తేమ అధికంగా ఉన్నప్పుడు పిచికారీ చేస్తే తెల్లని పొర ఏర్పడవచ్చు. ఒక మందపు పూతకన్న రెండు పల్చని పూతలు మేలు.

లక్కలో రంగు

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో రంగు, మెరుగు ఒకే పూతగా కలిసిపోతాయి. గిర్రున తిరిగే అంకుడు కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వలన పుట్టిన వేడికి లక్క కరిగి కర్రకు పడుతుంది. మొగలి ఆకుతో రుద్దగానే అద్దంవలె మెరుస్తుంది. ఈ బొమ్మలు గుండ్రనివి కనుక నిగనిగలాడే ఉపరితలమే వెలుగునీడలను చూపుతుంది. నీడలను వేరుగా చిత్రించవలసిన అవసరం లేదు.

రంగులోని ప్రమాదం

బొమ్మ పిల్లల చేతికి చేరుతుంది. చేతి నుండి నోటికి చేరుతుంది. పూర్వం కొన్ని పసుపు, ఎరుపు, నారింజ రంగులలో సీసపు లవణాలను వాడేవారు. సీసం పసివారి మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. గృహోపయోగ, అలంకరణ రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలకు మించరాదనే నియమం మన దేశంలో 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చింది. అంతకు ఎంతో ముందుగానే ఏటికొప్పాకకు చెందిన సి.వి. రాజు పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు మొదలైన వాటి నుండి తీసిన సహజ వర్ణాలను లక్కతో మేళవించే పద్ధతిని పునరుద్ధరించారు. ఆయనకు 2023లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు.

తొలిపూత నుండి మెరుగుపూత వరకు ప్రతి పొరకూ ఒక ప్రయోజనం ఉంది. నీడ కంటిని నమ్మిస్తుంది. మెరుగు రంగును కాపాడుతుంది. అయితే ఆ రంగు బిడ్డకు హాని చేయనిది అయినప్పుడే బొమ్మకు నిజమైన అందం. కంటికి కనిపించే మెరుపుతోపాటు కంటికి కనిపించని శుద్ధినీ కోరి కొనేవారు ఉన్నంత కాలం, ఆ శుద్ధిని పాటించే కళాకారుని కుంచె కూడా నిలుస్తుంది.

ప్రశ్నలు

1. కొండపల్లి బొమ్మలకు తొలిపూత ఎందుకు అవసరం?
2. చిన్న బొమ్మలలో నీడలను చిత్రించే రెండు పద్ధతులను వివరించండి.
3. నిగనిగలాడే వార్నిషుకు, మెరుపు లేని వార్నిషుకు గల భేదమేమిటి?
4. బొమ్మలకు సహజ వర్ణాలు వాడవలసిన ఆవశ్యకతను గురించి మీ మాటలలో రాయండి.